గెలిచినోళ్లు ముందుగాల లేవొద్దు

జోగారావుగారికి ఓడిపోవడం చేతకాదు. పాపం, ఎవరూ నేర్పలేదు. శంషాబాద్ అవతల ఓ ప్రైవేటు యూనివర్సిటీలో ఆయన ఫిజిక్స్ ప్రొఫెసర్. మనీషా ఆయన దగ్గర ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేస్తోంది. ఇన్నేళ్లలో ఆమె సొంతంగా సంపాదించుకున్నది ఒకే ఒక్క గీత. కంప్యూటర్ తెర మీద పైకి లేచి, లేచి, చివరికి వంగి కిందికి దిగిపోయే గీత. అది ఆమెదని నలుగురూ ఒప్పుకుంటేనే డాక్టరేట్. లేకపోతే ఇన్నేళ్లూ గంగలో కలిసినట్టే.

విషయం మరీ బ్రహ్మవిద్య కాదు. రెండు జూదాలున్నాయనుకోండి. ఏదైనా ఒకటే పట్టుకుని ఆడితే గోచీ కూడా మిగలదు. రెండూ మార్చి మార్చి ఆడితే మాత్రం గెలుపు! వినడానికి మోసంలా ఉంటుంది గానీ లెక్క నిజమే. రెండో ఆట, చేతిలో ఉన్న డబ్బును బట్టి, కొన్ని మెట్ల మీద పిసినారి, కొన్ని మెట్ల మీద ధర్మప్రభువు. మొదటి ఆట మనిషిని ఆ పిసినారి మెట్టు మీంచి పక్కకు నెడుతూ ఉంటుంది, అంతే కిటుకు. ఇదే ఆటను జోగారావుగారు క్వాంటమ్ నాణెంతో ఆడించారు. గుప్పిట తెరిచేదాకా ఆ నాణెం బొమ్మా బొరుసూ రెండూను. మధ్యలో తెరిచి చూస్తే ఆట పాడైపోతుంది. తెరవకుండా ఆడించుకుంటూ పోతే కొంతదూరం దాకా గెలుపే గెలుపు. ఆయన సరిగ్గా అక్కడ ఆపేశారు. పేపరు అచ్చువేయించారు, శాలువా కప్పించుకున్నారు.

మనీషాకు అలా ఆపడం నచ్చలేదు. దానికి కారణం ఫిజిక్స్ కాదు, వాళ్ల బాపు కుర్మయ్య. ఊళ్లో గులాబీ తోట ఆయనది. దసరా వస్తే ఆ తోటలోనే చాప పరిచి పత్తాలాట, అదే పేకాట. ఆ చాపకు ఒకటే కట్టుబాటు: గెలుస్తున్నవాడు ముందు లేవకూడదు. ఓడినవాళ్లు ఇక చాలన్నాకే లేవాలి. ఒకసారి వాళ్ల చిన్నాన్న వీరేందర్ గెలుపు మీద ఉండగా కడుపునొప్పంటూ లేచిపోయాడు. ఆ తర్వాత ఆయన కడుపు ఎంత కులాసాగా ఉన్నా ఆ చాప మీదికి ఎవరూ పిలవలేదు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల గనక ఆటను ఆపకుండా పోనిచ్చింది. పోగా పోగా గీత వంగింది. గెలుపంతా కరిగి మళ్లీ ఓటమే మిగిలింది. పరుగెత్తుకెళ్లి చూపిస్తే జోగారావుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"చూడమ్మా, ఎక్కడ ఆపాలో తెలియడం కూడా ఒక విద్యే. ఇది బయటపెడితే మన పేపరు గతేమిటి? నాకు మెయిల్ చెయ్యి, తీరిగ్గా చూస్తాను."

ఆమె పంపింది. ఆ తీరిక ఆయనకు ఇంతవరకూ రాలేదు.

ఇవాళ ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో సదస్సు. దేశం నలుమూలల నుంచీ పెద్దలు వచ్చారు. మనీషాను బండి మీద దింపడానికి వచ్చిన కుర్మయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అంటే లోపలికి రావాలనే ఆశ. ఆమె ఆయన్ను చివరి వరసలో కూర్చోబెట్టింది.

జోగారావుగారు మాట్లాడారు. పైకి లేచే గీతను తెర మీద నిలిపి, "ఇదీ మా ఫలితం" అన్నారు. మనీషా లేచి నిలబడింది.

"సార్, ఈ ఆటను ఇంకా ముందుకు పోనిస్తే ఏమవుతుంది?"

ఆయన నీళ్లు నములుతారనుకుంది. కాదని బుకాయిస్తే తన ల్యాప్‌టాప్ తెరుద్దామనుకుంది. మూడో దారి ఉంటుందని ఆమెకు తట్టలేదు.

ఆయన చిరునవ్వు నవ్వారు. "ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను" అంటూ మీట నొక్కారు.

తెర మీద ఆమె గీత. ఆమె ఎంచుకున్న ఆకుపచ్చ రంగుతో సహా. పైన పెద్దక్షరాల్లో జోగారావుగారి పేరు. అడుగున, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, 'సహాయం: మనీషా'. ఎవరూ అడగకపోతే ఆ స్లయిడు తెర మీదికి వచ్చేదే కాదు.

"సార్, అది నేను చేసింది" అంది మనీషా. ముందు వరసకు కూడా వినబడలేదు, అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. తన ఫలితాన్ని తానే సరిదిద్దుకున్న ఇంతటి నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుందని ఒక పెద్దాయన పొంగిపోయారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అబద్ధం ఒక్కటే ఆడి ఉంటే ఏదో ఒక రోజు ఆయన ఓడిపోయేవాడు. నిజం ఒక్కటే చెప్పినా ఆ శాలువా పోయేది. రెండూ ఓడే ఆటలే. మార్చి మార్చి ఆడి, మహానుభావుడు రెండింటా గెలిచాడు. ఏళ్ల తరబడి ఆ లెక్క వేసింది తనే, తన ముందే ఆడుతుంటే మాత్రం పోల్చుకోలేకపోయింది.

బయటికి వచ్చేసింది. వరండా అద్దాల అవతల విమానాలు ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తున్నాయి. వెనకనే కుర్మయ్య వచ్చాడు, చేతిలో ఫోన్, మొహమంతా నవ్వు.

"బిడ్డా, నీ పేరు తెర మీద పడ్డది! నేను ఫోటో కొట్టిన." రెండు వేళ్లతో అడుగున ఉన్న అక్షరాలను పెద్దవి చేశాడు. ఇంగ్లీషు చదవలేడు గానీ, కూతురి సర్టిఫికెట్లు చూసీ చూసీ ఆ పేరు మాత్రం గుర్తుపడతాడు. "గీ పేరు ముంగట ఏందో రాసిన్రు. ఏంది బిడ్డా అది?"

మనీషా ఆ మాటను చూసింది. ఆయన మొహం చూసింది.

"నేనే గెలిచిన్నని రాసిన్రు, బాపు."

"నాకెర్కే! అందరు గట్ల చప్పట్లు కొట్టిన్రంటే ఉత్తగనా?" కుర్మయ్య ఫోన్‌ను జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. అంతలోనే మొహం చిట్లించాడు. "మరి నడుమల లేచొచ్చినవేంది? గెలిచినోళ్లు ముందుగాల లేవొద్దు బిడ్డా, తప్పు. నడువు, లోపల కూసో. ఆళ్లు చాలన్నంక పోదం."

ఆమె తిరిగి లోపలికి వెళ్లి కూర్చుంది. జోగారావుగారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.