ఊపిన మందు

రంగుల దుకాణం నడిపే ఆయన, చేతికి ఏ డబ్బా ఇచ్చినా ఊపకుండా ఉండలేడు. ముప్ఫయ్యేళ్ల అలవాటు మరి. అడుగున పేరుకున్నది పైకి రాకపోతే గోడంతా చారలు పడతాయని, కొనేవాళ్లకు పాఠం చెప్పి మరీ పంపుతాడు. రెండు వారాలకోసారి భార్యకు పొడిచే ఇంజెక్షన్ పెన్నును కూడా అంతే శ్రద్ధగా, రెండు నిమిషాలపాటు ఊపేవాడు.

ఆమె దర్జీ. కీళ్లవాతంతో కొయ్యబారిన వేళ్లు ఆ మందుతో కదిలాయి, మళ్లీ సూదిలో దారం ఎక్కించాయి. ఏడాది తిరిగేసరికి ఒక్కో వేలూ మొరాయించసాగింది. ఒప్పుకున్న బట్టలన్నీ వెనక్కి పంపేసి, మిషన్ మీద గుడ్డ కప్పింది.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు పెదవి విరిచాడు. "మీ ఒంట్లో ఈ మందుకి యాంటీబాడీలు పుట్టాయమ్మా. ఎక్కించింది ఎక్కించినట్టే అడ్డుకుంటున్నాయి."

పక్కనున్న నర్సు ఖాళీ పెన్ను ఇచ్చి, ఇంట్లో ఎలా చేస్తారో చూపించమంది. ఆయన హుషారుగా అందుకుని ఊపడం మొదలుపెట్టాడు.

"అయ్యో! ఎప్పుడూ ఇలాగే ఊపుతారా?"

"చేసిన ప్రతిసారీ. ఒక్కసారి కూడా మానలేదమ్మా."

"ఇది ప్రోటీన్ మందండీ. గట్టిగా ఊపితే ఉండలు కడుతుంది. ఆ ఉండల్ని చూసి ఒళ్లు శత్రువనుకుంటుంది."

"అలాగని కారణం ఇదొక్కటే అనలేం. ఊపకపోయినా కొందరికి ఇలా అవుతుంది," అన్నాడు డాక్టరు. ఆ మాటను ఊతంగా పట్టుకుని ఆయన తన భార్య వైపు చూశాడు. ఆమె కాగితం మీంచి తలెత్తలేదు.

ఇంటికొచ్చాక తన చేతులతోనే ఆమె చేతులు పాడుచేశానని కుమిలిపోయాడు.

వారం తర్వాత వేరే మందు వచ్చింది. క్లినిక్‌లో నర్సు పిలవగానే ఆయన కూడా లేచాడు.

"మీరిక్కడే కూర్చోండి," అంది భార్య.

కూర్చున్నాడు.

ఇంజెక్షన్ జబ్బకి చేసినట్టున్నారు, పైకి మడిచిన కుర్తా చెయ్యి దించుకుంటూ ఆమె బయటికొచ్చింది. మణికట్టు దగ్గర గుండీ పెట్టుకోబోయింది. రెండుసార్లు జారింది. మూడోసారీ జారాక, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాపింది. ఆయన పెట్టాడు.

"నాకింకా కోపం పోలేదు."

"తెలుసు."

"రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు."

"వస్తాను. బయటే కూర్చుంటాను."