రెండోసారి దగ్గర ఆగిన పాట

నేను ఒక కీబోర్డు ఫోనుని. పైన అగ్గిపెట్టెకు రెండింతలుండే తెర, కింద చింతగింజలు పేర్చినట్టు మీటలు. ఈ క్షణాన చెంచురామయ్య చొక్కాజేబులో ఉన్నాను. ఇందాక రొంటిన ఉన్నాను, అంతకు ముందు బల్ల మీద. ఆయన నన్ను తీస్తాడు, పెడతాడు, వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాడు, మళ్లీ తీస్తాడు. కాలుగాలిన పిల్లి అనే మాట ఈ ఇంట్లో చాలాసార్లు విన్నాను. ఆ పిల్లి జేబులో కూర్చుని తిరగాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆయన చేతిలో ఇంకో ఫోను ఉంది. కొత్తది. నాలాగే దానికీ మీటలున్నాయి. ఇవాళ మార్కెట్‌కు మా ఇద్దరిలో ఎవరు వెళ్లాలో తేలడం లేదు.

నేను పుట్టింది సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో. మూతులకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నా మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూసి, పలుకుతున్నాయనుకున్నాక పెట్టెలో పెట్టారు. చెన్నైలో ఒక బీమా ఆఫీసరు చేతికి వచ్చాను. ఆయన రోజంతా నాచేత "చూశాను, తగు చర్య తీసుకోండి" అని రాయించేవాడు. ఎవరైనా చర్య తీసుకున్నట్టు నాకు గుర్తు లేదు. తెరను వేలితో తోసే ఫోన్లు రాగానే నేను ఆయనకు నామోషీ అయ్యాను. అలా గూడూరు స్టేషన్ రోడ్డులోని రిపేరు కొట్టుకు చేరాను.

అక్కడ చెంచురామయ్య నన్ను చూసి మనసు పారేసుకున్నాడు. ఆఫీసర్లు వాడే ఫోను కదా. మీటలతో ఆయనకు పనేమీ లేదు. అసలు ఆయనకు ఫోనుతోనే పెద్దగా పని లేదు, కేకేస్తే ఊరంతా వినబడే గొంతు ఆయనది. నిమ్మకాయల మార్కెట్లో వేలంపాట పెట్టేవాడు. కాయను ఒక చూపు, ఆశపడే షావుకారు మొహాన్ని ఒక చూపు చూసి, గుట్టను రెప్పపాటులో తేల్చేసేవాడు. తెలుగువాళ్లు వేలాన్ని కూడా పాటే అంటారు. ఎందుకంటారో ఆయన నోట విన్నాక నాకు తెలిసింది. "ఒకటోసారీ" అని సాగదీసేవాడు, "రెండోసారీ" అని ఊరించేవాడు, "మూడోసారి" అంటూ అరచెయ్యి చరిచేవాడు. చరిచాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ బేరం తిరిగేది కాదు.

తన గొంతంటే తనకే మహా మురిపెం. రిపేరు కొట్టువాడి చేత ఆ పాటను నాలోకి ఎక్కించి రింగుటోనుగా పెట్టించుకున్నాడు. నాలో చోటు చాల్లేదో, కొట్టువాడికి ఓపిక చాల్లేదో, అది రెండోసారి దగ్గర తెగిపోయింది. ఎవరు ఫోను చేసినా నేను "ఒకటోసారీ... రెండోసారీ..." అని పాడి, మళ్లీ ఒకటోసారికి వచ్చేస్తాను.

"మూడోసారి యాడరా?" అని అడిగాడు చెంచురామయ్య.

"నువ్వు ఫోనెత్తేదే మూడోసారన్నా" అన్నాడు కొట్టువాడు. జవాబు నచ్చి ఈయన ఊరుకున్నాడు.

ఆ గొంతుకే జబ్బు చేసింది. పెద్దాసుపత్రిలో గొంతుపెట్టె తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇంటికి వచ్చిన రోజు ఆయన భార్య ప్రభావతితో ఏదో చెప్పబోయి, నోరు తెరిచి, మూసుకుని, నన్ను బయటికి తీశాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టాడు. ఆకలిగా ఉందని. ఆ పూట నాకు చాలా గర్వంగా అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది.

తర్వాత బొటనవేళ్లు బాగా ఆడాయి. నన్ను చూడకుండానే కొట్టడం వచ్చింది. మొగుడూ పెళ్లాల కీచులాటలు కూడా నా మీదుగానే నడిచేవి. ఆవిడ నోటితో, ఆయన వేళ్లతో. ఆయన మొదటి నిందకు జవాబు రాసి చూపించేసరికి ఆవిడ నాలుగో నిందలో ఉండేది.

మాట్లాడలేని మనిషికి ఫోను ఎవరు చేస్తారు? ఒక్క ప్రభావతి చేసేది, అన్నం వేళకు, వంటింట్లోంచి. వరండాకూ వంటింటికీ నడుమ ఉన్నది ఒక్క గదే. పిలిస్తే వినబడుతుంది. అయినా ఫోనే చేసేది. నేను పాడుతుంటే ఆయన వెంటనే లేచేవాడు కాదు, ఆవిడా వెంటనే కట్ చేసేది కాదు. కూర చల్లారేది. ఎందుకలా చేస్తున్నారో ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. నాకు తెలుసు గానీ నన్నెవరడిగారు?

నాకూ వయసు మీదపడింది. బ్యాటరీ ఉబ్బింది, 'ఏ' మీట చచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాడికి 'ఏ' పోవడమంటే దూలం విరగడమే. అమ్మ నిలబడదు, నాన్న నిలబడడు, అన్నం ఉడకదు. ప్రభావతి పేరులోనైతే మూడు ఊడిపోయాయి. తెర మీద తన పేరు చూసుకుని ఆవిడ, "ఏందయ్యా, నా పేర్లో ఎముకలే మిగిలినాయి" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. ఉన్న ఈ కాస్త గొంతూ పోతోందని ఆయనకు భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే షావుకార్ల సంఘం పెద్ద మస్తానయ్య మెసేజి పెట్టాడు. కొత్త కాపుకు తొలిపాట చెంచురామయ్యే పెట్టాలని, రాసి చూపిస్తే తాము చదువుతామని. ఈయన 'పాడను' అని కొట్టాడు. రెండు 'ఏ'లూ రాలిపోయి, అవతలికి పి, డి, ఎన్, యు అనే నాలుగు అక్షరాలే వెళ్లాయి. అక్కడ అందరూ చుట్టూ మూగి ఆలోచించారట. నడుమ ఒక 'త' కూడా రాలిపోయి ఉంటుందని తీర్మానించి 'పాడతాను' అని చదువుకున్నారు. మర్నాడు మైకులో చెప్పేశారు. పోయిన 'ఏ'లు పోయాయి గానీ, లేని 'త' ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. తమకు కావలసిన అక్షరాన్ని మనుషులు ఎక్కడినుంచైనా తెచ్చుకుంటారు.

తప్పు దిద్దుదామని ఆయన నన్ను తీశాడు. చాలాసేపు చూశాడు. దిద్దకుండానే జేబులో వేసుకున్నాడు. పాడను అన్నది భయం, మనిషికి మాత్రం పాడాలనే ఉంది.

నాయుడుపేట బడిలో లెక్కలు చెప్పే కూతురు సుగుణ సంగతి విని ఈ కొత్త ఫోను పట్టుకొచ్చింది. జేబులో ఇట్టే ఇమిడిపోతుంది. కొట్టిన మాటను పైకి చదువుతుంది కూడా.

"నీకు అలవాటైన మీటలే నాయనా. నువ్వు కొట్టు, ఇది చెప్తది. కొత్త నంబరు కూడా తీసినా. ఇంకేం గావాల?" అంది.

ఆ పూట భోజనం దగ్గరే పరీక్ష. ఆయన 'కూరలో కారం లేదు' అని కొట్టాడు. చదువుకున్న ఫోను కదా, తప్పు దిద్దింది. వార్తలు చదివే ఆడగొంతుతో "కూరలో కర్మ లేదు" అంది.

"యాడుంటది? అంతా నా నెత్తినే వుండె గదా" అంది ప్రభావతి.

సుగుణ నవ్వి నవ్వి ఆ దిద్దే గుణాన్ని ఆపేసింది. ఆడగొంతు తీసి మగగొంతు పెట్టింది. ఆయన శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు. అదీ ఆయనది కాదు. "పాత రింగుటోను కూడా దీంట్లోకి ఎక్కిచ్చేదా?" అని కూతురు అడిగితే, నన్ను తీసి ఎముకల భాషలో ఏదో కొట్టాడు. సుగుణ కూడబలుక్కుని చదివింది. "ఒక ఒరలో రెండు కత్తులు ఎందుకంట."

అదిగో, అప్పటి నుంచి ఈ తిరుగుడు. కొండంత నిమ్మకాయల గుట్టను రెప్పపాటులో తేల్చినవాడు అరచేయంత నన్ను తేల్చలేక చస్తున్నాడు. నేను తుక్కుకు పోతానన్న భయం నాకూ లేకపోలేదు. కానీ ఆయన మార్కెట్లో నోరు లేకుండా నిలబడతాడన్న భయం అంతకన్నా పెద్దదిగా ఉంది.

ఇప్పుడు ఆగాడు. నన్ను బోర్లించి వెనక మూత తీశాడు. ఉబ్బిన బ్యాటరీ కిందికి గోరు పోనిచ్చాడు. అది పైకి లేస్తే నా పని అయిపోయినట్టే. లోపల ప్రభావతికి ఇదేమీ తెలియదు. దోసెలు వేసి, అలవాటుగా ఫోను చేసింది.

"ఒకటోసారీ..." అన్నాను.

గోరు ఆగింది.

"రెండోసారీ..."

ఆయన కుడిచెయ్యి తనంతట తనే లేచింది, చరచడానికి. గాలిలో అలాగే నిలబడిపోయింది. మూడోసారి నా దగ్గర లేదు. చెయ్యి మెల్లగా దిగి, మూత వేసింది.

వంటింట్లోకి వచ్చి నన్ను పోపులపెట్టె పక్కన నిలబెట్టాడు. కొత్తదాని మీద ఏదో కొట్టాడు. "ఇది ఇక్కడే ఉండనీ. నేను పాటకు పోయొస్తా" అంది కొత్తది.

ఆ గొంతు వచ్చిన వైపు ప్రభావతి చూడలేదు. ఆయన మొహమే చూసింది. "పోయిరా. దోసె తినేసి పో. నీళ్ల సీసా మర్చిపోబాక" అంది.

తండ్రీ కూతుళ్లు వెళ్లిపోయారు. ఆవిడ గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. వీధిలోకి వెళ్లి చూసి వచ్చింది. ఈపాటికి అక్కడ కొత్త ఫోను మైకు ముందు ఒకటోసారి అంటూ ఉంటుంది, రెండోసారి అంటుంది, మూడోసారి కూడా అంటుంది, చరిచే చెయ్యి మాత్రం ఆయనదే. ప్రభావతి చేతులు కొంగుకు తుడుచుకుని తన ఫోను తీసింది. ఇంట్లో ఎవరూ లేరని తెలిసీ అటూ ఇటూ చూసింది. పిలవడానికి వరండాలో మనిషి లేడు, నేను జానెడు దూరంలో ఉన్నాను.

అయినా చేసింది. నేను పాడాను. రెండోసారి దాకా వెళ్లాను. ఆవిడ కళ్లు ఒత్తుకుంది గానీ కట్ చేయలేదు. పోపులపెట్టె పక్కన నిలబడి, మళ్లీ ఒకటోసారి నుంచి మొదలుపెట్టాను.