నా కాళ్ళతో దాటిన కాలువ

నా కోడలికి పోర్ లూయీ పట్నం చూడాలని కోరిక పుట్టింది. చూడటమే కాదు, అక్కడి బజారులో వేడివేడిగా వేయించే గాతో పిమాన్ తినాలని పుట్టింది. అవి మన పచ్చిమిరపకాయ వడలే. పేరు మార్చుకుని, చెరకు కూలికి మేం సముద్రం దాటి వచ్చిన ఈ దేశంలో తిరుగుతున్నాయి, అంతే.

"ఇంట్లో ఏసి పెడతానే" అన్నాను.

"ఒల్లనత్తా. అక్కడివే కావాల" అని రత్నమ్మ ఒకటే ఏడుపు.

కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకుండా ఎలా ఉంటాను? పోయినసారి పనసతొన అడిగింది. తెచ్చిపెట్టే తీరిక ఎవరికుంది? కడుపు పోయింది. అంతకుముందు చెరకు నరకడానికి ఏరు దాటి అవతలి తోటకు వెళ్ళింది. అప్పుడూ పోయింది. కడుపుతో ఉన్నది పారే నీళ్ళు దాటకూడదని మా అమ్మ నాకు చెప్పింది, నేను దీనికి చెప్పాను. ఇప్పుడు ఆరో నెల. ఈ బిడ్డ కూడా దక్కకపోతే ఇక ఆశ వదులుకోమని మంత్రసాని ముఖం మీదే చెప్పేసింది. నా కొడుకు నరసయ్యకు ఒక్క బిడ్డ, నా ఒళ్ళో ఒక్క మనవడు. అంతకన్నా దేవుణ్ణి నేనేం అడిగాను?

పశువులన్నీ రోగం వచ్చి చచ్చిన ఏడాది అది. బండ్లు కదలక తోటలో పని నిలిచిపోయింది. అదే అదనని మా ఊరు రివియేర్ దు రాంపార్‌లో ఇద్దరం రైలెక్కాం. దారిలో ఏరు కనబడగానే రత్నమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అత్తా! ఏరు!"

"ఏరైతే ఏటే? దాటేది రైలు. నీ కాళ్ళు పెట్టెలో ఉన్నాయి గానీ నీళ్ళ మీదున్నాయా?" అని గదిమాను. అప్పటికి నోటికొచ్చిన మాట అది. అయినా పిల్ల కుదుటపడింది.

దిగాక ఓడరేవు చూపించాను. తెరచాపల ఓడలు, టోపీల దొరలు, గుర్రపు బండ్లు. రత్నమ్మ నోరు వెళ్ళబెట్టుకుని చూసింది. ఎన్నాళ్ళకో దాని ముఖాన నవ్వు కనబడింది. హమ్మయ్య అనుకునేసరికి ఎదురుగా కాలువ! కొండమీది నీళ్ళు రాతిగోడల మధ్య ఊరిని చీల్చుకుంటూ పోతున్నాయి. బజారేమో అవతల. ఏ సందులో తిరిగినా మళ్ళీ ఆ కాలువే, ఆ వంతెనే. ఇదేం ఊరురా నాయనా!

దాన్ని ఇవతలే ఒక అరుగు మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే దాటాను. వడలు కొని, చెంగున ముడేసుకుని, ఉరుకులు పరుగుల మీద తిరిగొచ్చాను. రత్నమ్మ అరుగు కింద కూలబడి ఉంది. రెండు చేతులా పొట్ట పట్టుకుంది. చీరంతా నెత్తురు.

"లోపితాల్! లోత్ కోతే!" అని దారిన పోయే ఒకావిడ చేయి చూపించి అరిచింది. ఆసుపత్రి కూడా అవతలే.

"లే తల్లీ, పోదాం."

"ఒల్లనత్తా. కాలవ దాటితే బిడ్డ దక్కదు."

"దాటకపోతే నువ్వే దక్కవే!"

"నువ్వే సెప్పినావు కదత్తా..."

అరుగు రాయిని పట్టుకుని కదలదు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చెంప పగలగొడదామా అనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాను.

"రా. ఇప్పుడు నానే రైలు. నీ కాళ్ళు నేలకి తగలవు. తప్పుంటే నా కాళ్ళది."

రాయి వదిలింది. చెరకు మోపులు మోసిన చేతులు నావి, ఆ బక్కపిల్లను ఎత్తుకోలేనా? వంతెన పొడుగునా అరుస్తూనే ఉన్నాను, "అమ్మోరు తల్లీ, దాటుతున్నది నాను! కావాలంటే నన్ను తీసుకుపో!" అని. జనం ఆగి చూశారు. చూడనీ.

ఆసుపత్రిలో దాన్ని లోపలికి తీసుకుపోయి నన్ను గుమ్మం బయటే ఆపేశారు. చాలాసేపటికి నర్సు వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

"బేబే ఫిన్ మోర్."

బిడ్డ కడుపులోనే చచ్చిపోయిందట. ఇవాళ కాదు, నిన్నో మొన్నో పోయి ఉంటుందట. మేం రైలెక్కకముందే. తల్లిని బతికిస్తామంది గానీ, ఇప్పుడే ఆ పిల్లతో చెప్పొద్దంది. బెదిరితే ప్రాణానికే ముప్పట. గోడకు తల కొట్టుకున్నాను. దాని కాళ్ళు కాలువ దాటలేదు, కోరిక కాదనలేదు, ఇంకేం చేయాలే తల్లీ అని అమ్మోరిని నోరారా తిట్టాను. తర్వాత ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

రత్నమ్మ పాలిపోయి పడుకుని ఉంది.

"అత్తా, నా కాళ్ళు తగల్లేదు కదా?"

"తగల్లేదే."

"వడలేవీ?"

చెంగు ముడి విప్పాను. అన్నీ చల్లారి, నలిగి ముద్దయిపోయాయి. కాస్త కాస్త తుంచి నోట్లో పెట్టాను. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగినా ఇష్టంగా తింది. పొట్ట మీద చేయి వేసుకుంది.

"ఇంక ఆడికి ఏ లోటూ లేదు కదత్తా?"

"లేదమ్మా" అన్నాను. "తిను."