ఖాళీ గుంటల లెక్క

క్యాంటీన్‌లో గ్లాసులు కడిగి కడిగి అతని వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడి ఉంటాయి. ఆ వేళ్లతోనే మూడు వారాలుగా మేనకోడలికి లెక్కలు చెబుతున్నాడు. అతనికి చెప్పడం రాదు. ఆ మాటకొస్తే చెప్పించుకోవడమూ రాలేదు. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు చెవి పట్టుకుని గుమ్మం బయట నిలబెట్టిన రోజున అటునుంచి అటే ఇంటికి నడిచినవాడు, మళ్లీ ఏ బడి మెట్లూ ఎక్కలేదు.

"నువ్వు కాకపోతే ఇంకెవరు చెబుతారన్నయ్యా? రోజూ అన్నేసి గ్లాసులు లెక్కపెడతావుగా," అంది చెల్లెలు.

"కడుగుతాను. లెక్కలు నాకెందుకే తల్లీ?"

"ఏదో ఒకటి. పది దాకా వస్తే చాలు. నాకు వేరే దిక్కు లేదు."

లేదు మరి. ఆమె బట్టల కంపెనీలో ఇస్త్రీ పని చేస్తుంది. కూతురిది చిన్న తరగతి, పన్నెండింటికల్లా వదిలేస్తారు. అతను డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి రెండున్నర. అందుకని ఆమె ఇన్నాళ్లూ ఒంటిపూట పనితో నెట్టుకొచ్చింది. ఇప్పుడు సూపర్‌వైజరు తెగేసి చెప్పాడు: వచ్చే నెల నుంచి నాలుగింటి దాకా ఉంటే ఉండు, లేకపోతే మానెయ్. ఒకటో తరగతిలో వేస్తే పిల్ల నాలుగింటి దాకా బడిలోనే ఉంటుంది. కానీ పది వస్తువులు సరిగ్గా లెక్కపెట్టలేని పిల్లను టీచరమ్మ పైకి పంపదు. శుక్రవారం పరీక్ష. తప్పితే ఇంకో ఏడాది చిన్న తరగతే. అంటే చెల్లెలి పని ఊడినట్టే.

ఆ పిల్లను అందరూ బుడంకాయ అంటారు. మనిషి జానెడు, నోరు బారెడు. స్పూన్లు ముందు పోస్తే నోరు పరిగెత్తేది, వేలు దాని వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. ఎనిమిది స్పూన్లు పదమూడయ్యేవి.

"మధ్యలో పిల్లల్ని పెట్టాయా ఏంటే ఇవి?"

"ఏమో, చూడు మావయ్యా, ఇది చిన్న స్పూను!"

బట్టల క్లిప్పులు పెట్టాడు. తీసి జడకు పెట్టుకుంది. ఉల్లిపాయలు పెట్టాడు. ఒకటి మంచం కిందకు దొర్లితే దానికోసం ఇద్దరూ పాకాల్సి వచ్చింది. పొద్దున నాలుగింటికి లేచిన మనిషికి మధ్యాహ్నం మూడింటికి మంచం కింద ఉల్లిపాయ వెతకడమంటే ప్రాణం మీదకొస్తుంది. అక్కడే పడుకుని రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నాడు కూడా.

చివరికి పది గుడ్లు పట్టే ఖాళీ అట్టపెట్టె ఒకటి కనిపించింది. దాని గుంటల్లో సీసా మూతలు వేశాడు. అతని పనిలో ఒక కిటుకు ఉంది. గ్లాసుల ట్రేలో నిండిన గళ్లు ఎవడూ లెక్కపెట్టడు. ఖాళీ గళ్లు చూస్తే పగిలినవీ, ఇంకా బల్లల మీద ఉండిపోయినవీ కలిపి ఎన్ని తగ్గాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

"నిండినవాటి జోలికి పోకు. ఖాళీవి చూడు. అవి ఎన్ని?"

"మూడు," అంది బుడంకాయ, రెప్ప వేయకుండా.

రెండు మూతలు తీశాడు. "అయిదు." నాలుగు వేశాడు. "ఒకటి!" గంటసేపు ఆడినా ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు అతనికి ఏళ్ల తరబడి ఎరగని గర్వమేదో వచ్చింది. ఇక స్పూన్లూ ఉల్లిపాయలూ పక్కన పడేశాడు. వారమంతా అట్టపెట్టే. ఖాళీలు తెలిశాక నిండినవి ఎన్నో చెప్పించాలన్న సంగతి అలసటలో అతనికి తట్టనే లేదు.

శుక్రవారం సెలవు పెట్టి, అట్టపెట్టెనూ మూతలనూ సంచిలో వేసుకుని, పిల్లను తనే బడికి తీసుకెళ్లాడు. టీచరమ్మ తలుపు తెరిచే ఉంచింది. అతను వరండాలో, పిల్లల కోసం చేసిన పొట్టి బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. లోపల బల్ల మీద పది గళ్ల చెక్కపెట్టె ఉంది. అందులో టీచరమ్మ ఏడు గుండీలు పెట్టింది. అది చూసి మన పంట పండిందనుకున్నాడు.

"పెట్టెలో గుండీలు ఎన్నున్నాయమ్మా?"

"మూడు."

ఆమె ఒకటి తీసి ఆరు ఉంచింది. "ఇప్పుడు?"

"నాలుగు," అంది బుడంకాయ, మెచ్చుకోలు కోసం వెనక్కి తిరిగి మావయ్య వైపు చూస్తూ.

టీచరమ్మ కలం తీసింది. అతను గబుక్కున బెంచీ మీంచి లేచాడు. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఒక చెయ్యి తెలియకుండానే చెవి మీదకు పోయింది. అయినా లోపలికి అడుగు వేశాడు.

"మేడమ్, తప్పు నాది. ఖాళీలు లెక్కపెట్టమని నేనే నేర్పాను. గ్లాసులు కడిగేచోట అలాగే చేస్తాం."

ఆమె కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుంది. ఆమె కళ్ల కిందా నల్లగా ఉంది. "లేనివి లెక్కపెట్టడం నేర్పారా?"

"తొందరగా తెలుస్తుందని..."

"ఉన్నవి లెక్కపెట్టడం రావాలండీ నాకు. ఇలా ఎలా పంపను?"

"పంపకపోతే వాళ్లమ్మ పని పోతుంది మేడమ్."

"అందరూ ఏదో ఒకటి చెబుతారు. ముప్పై మందిని చూసుకునేదాన్ని నేనొక్కదాన్నే." గోడ గడియారం చూసింది. "ఇంకా పదకొండు మంది ఉన్నారు. అందరి తర్వాత మళ్లీ పిలుస్తాను. ఒక్కసారే."

వరండాలో అతను అట్టపెట్టెను చింపి చెత్తబుట్టలో పడేశాడు. బుడంకాయ పెదవి విరిచింది. మూతలు బెంచీ మీద చెల్లాచెదరుగా పోశాడు.

"ఎన్ని?"

పిల్ల బెంచీని అటూ ఇటూ చూసింది. "ఖాళీలు ఎక్కడున్నాయి మావయ్యా?"

"లేవు."

"మరి ఎన్ని పోయాయి?"

"ఏమీ పోలేదు. ఉన్నవే చెప్పు." ఆ మాట నాలుకకు కొత్తగా తగిలింది.

"ఒకటిరెండుమూడునాలు..."

"ఆగవే!" అరిచాడు. లోపలి నుంచి టీచరమ్మ తలెత్తి చూసింది. గొంతు తగ్గించాడు. "ఒకటి పట్టుకో. నా చేతిలో పెట్టు. పెట్టాకే ఒకటి అను. మూత నా చేతిలో పడేదాకా నోరు మెదపకు."

ఒక్కో మూతా అతని ముడతల వేళ్ల మధ్యకు వచ్చింది. ఒకటి. రెండు. అయిదు దగ్గర బుడంకాయకు బయట పిల్లి కనిపించింది. మళ్లీ మొదటికి. ఏడు దగ్గర తుమ్మింది. మళ్లీ మొదటికి. ఎన్నిసార్లు పోశాడో అతనికే తెలియదు. నడుము లాగుతోంది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు.

మళ్లీ పిలిచినప్పుడు టీచరమ్మ చెక్కపెట్టె తీసేసి గుండీలు బల్ల మీద పోసింది. బుడంకాయ ఒక గుండీ తీసుకుని, పెట్టడానికి చెయ్యి కోసం చుట్టూ చూసింది. టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించి తన అరచెయ్యి చాపింది.

"ఒకటి," అంది బుడంకాయ. చాలాసేపు పట్టింది. "తొమ్మిది. అయిపోయాయి."

టీచరమ్మ అవే గుండీలు మరోసారి లెక్కపెట్టుకుని కాగితం మీద ఏదో రాసింది. "సోమవారం నుంచి ఒకటో తరగతి. అన్నం డబ్బా పెట్టి పంపండి. నాలుగింటికి ఎవరో ఒకరు రావాలి."

కంపెనీ ఇస్త్రీ గదిలో ఆవిరికి ఎదుటి మనిషి కనిపించడం లేదు. పన్నెండు కావస్తోంది. చెల్లెలు అప్పటికే చెప్పులు వేసుకుని, బడికి పరుగందుకోవడానికి సిద్ధంగా ఉంది. అన్న భుజం మీద నిద్రపోతున్న కూతుర్ని చూసి ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఒకటో తరగతికి ఎక్కించారు."

ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. అటు తిరిగి, "సార్, సోమవారం నుంచి నాలుగింటి దాకా ఉంటాను," అని కేకేసింది.

"సోమవారం దాకా ఎందుకమ్మా? పిల్ల దగ్గర మనిషి ఉన్నాడుగా, ఇవాళే ఉండు," అన్నాడు సూపర్‌వైజరు ఆవిరిలోంచి.

చెల్లెలు అన్న వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె చెప్పులు విప్పి బల్ల కిందకు తోసి, చొక్కా ఒకటి పరిచింది. అతను పిల్లను రెండో భుజం మీదకు మార్చుకుని ఇంటిదారి పట్టాడు.