నూటికి మూడు

వార్తను ఎప్పుడూ తోక వైపు నుంచే కొయ్యాలి. ఆఫీసులో అందరూ కత్తెర అని పిలిచే ఆ మనిషి, వంతెన మరమ్మతు వార్తలో చివరి పేరాను కిమ్మనకుండా లేపేశాడు. మిగిలింది కాలమ్‌లో సరిగ్గా కూర్చుంది. ముఖ్యమైన సంగతి ముందుంటుంది, లేకపోయినా పరవాలేదన్నది చివర ఉంటుంది, చోటు చాలకపోతే ఆ చివరిదే ఎగిరిపోతుంది. పేపరాఫీసుల్లో ఇది తాతల నాటి పద్ధతి. అదేం చిత్రమో గానీ ‘అయితే’, ‘ఇంకా తేలలేదు’, ‘కచ్చితంగా చెప్పలేం’ లాంటి మాటలన్నీ ఆ చివరి పేరాలోనే కాపురం పెడతాయి.

సన్నటి మనిషి. ఏళ్ల తరబడి తెర మీదికి వంగి వంగి మెడ ముందుకు సాగింది. కళ్లద్దాలు ఎంత తోసినా ముక్కు చివరికే జారతాయి. కంప్యూటర్లు రాకముందు నిజం కత్తెరతోనే పని చేశాడు, బొటనవేలి పక్కన ఆ కాయ ఇంకా కరగలేదు. జీతం పెంచమని అడిగి ఎరగడు. సెలవు కావాల్సొస్తే డెస్కు ఇన్‌ఛార్జి ముందు నిలబడి నీళ్లు నమిలి, అడక్కుండానే వచ్చి సీట్లో కూర్చునే రకం. పెళ్లి మాట కూడా అలాగే నములుతూ నములుతూ దాటేశాడు.

టీ తాగి వచ్చేసరికి తెర మీద ఏజెన్సీ వార్త ఒకటి వచ్చి ఉంది. ఆమధ్య అందరినీ హడలగొట్టిన గ్రహశకలం ఇక భూమిని ఢీకొనే అవకాశం లేనట్టేనట. కొత్త కొలతలతో దాని దారి తేలిపోయింది. ఎక్కడో దూరంగా తన మానాన తను వెళ్లిపోతుంది.

కత్తెరకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గుతో చెవులు కాలాయి.

ఢీకొనే అవకాశం నూటికి మూడు వంతులన్న మొదటి వార్త దిద్దింది తనే మరి. మొదటి పేజీ నెత్తిన ఎర్రటి అక్షరాల్లో ‘నూటికి మూడు!’ అని పెట్టి, కింద ఊరి మీదికి మండుతూ దిగుతున్న బండరాయి బొమ్మ వేశారు. బొమ్మ మూల ‘ఊహాచిత్రం’ అన్న మాట అడ్డంగా ఉందని తీసేశాడు. చివరి పేరాకీ చోటు చాల్లేదు. అందులో శాస్త్రవేత్త ఒకాయన పాపం విడమరిచే చెప్పాడు. రాయి ఏ దారిన వస్తోందో ఇంకా సరిగా తెలీదనీ, కొలతలు వచ్చేకొద్దీ ఈ అంకె ముందు పెరిగి, చాలాసార్లు చివరికి సున్నాకు పడిపోతుందనీ, గాభరా పడొద్దనీ. దుప్పటి మీద సూది పడిందనుకోండి. చూసిన మేర మడత పెడుతూ వస్తే, మిగిలిన కాస్త గుడ్డలో ఎక్కడ చెయ్యి పెట్టినా గుచ్చుకుంటుందేమోనని భయం పెరుగుతూనే ఉంటుంది, సూది వేరే మూల కనబడేదాకా. అంతే సంగతి. ఇదంతా ఎవరు చదువుతార్లే అని కోసేశాడు.

చదివేది అక్క. అమ్మా నాన్నా పోయాక కుట్టుమెషిన్ తొక్కి తమ్ముణ్ణి చదివించిన అక్క. తమ్ముడు దిద్దిన పేపరని మొదటి అక్షరం నుంచి ముద్రించినవాళ్ల చిరునామా దాకా చదువుతుంది. అచ్చుతప్పు దొరికితే సాయంత్రం దాకా దాచుకుని మరీ ఆటపట్టిస్తుంది. ఆవిడ గుండెలో వాల్వు పాడైంది. ఆపరేషన్‌లో నూటికి మూడు వంతులు ప్రమాదం, చేయించకపోతే మాత్రం ఏ రోజు ఏమవుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. నేను కుట్టే జాకెట్లే నూటికి అంతకన్నా ఎక్కువ చెడతాయి అని నవ్వి ఒప్పుకుంది అక్క. ఆసుపత్రిలో వేసుకోవడానికి, ముందువైపు నాడాలతో ముడేసుకునే వదులు చొక్కా ఒకటి కత్తిరించుకుంది కూడా.

సరిగ్గా అప్పుడొచ్చింది ఆ పేపరు. ఒళ్లో పెట్టుకుని ఆ బండరాయి బొమ్మనే చూస్తూ కూర్చుంది.

“మూడంటే ఇంత ఉంటుందనుకోలేదురా,” అంది చివరికి. “డాక్టరు చిన్న సంగతన్నట్టు చెప్పాడు.”

ఆపరేషన్ వద్దని మర్నాడే కబురు పంపింది. చొక్కా గుడ్డ మడిచి మెషిన్ కింది సొరుగులో పెట్టేసింది.

ఒక్క మాట చాలు. అక్కా, అడుగున ఇంకో పేరా ఉంది, నేనే కోసేశాను అని. అన్నం కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాట గొంతు దాకా వచ్చేది. ఆవిడ మొహంలో తన పేపరు మీదున్న నమ్మకం చూసి మింగేసేవాడు. రేపు చెబుదాంలే అనుకునేవాడు. సిగ్గు అంత పాడుది. ప్రాణం కంటే పరువే గొప్పగా కనబడుతుంది, అదీ అవతలివాళ్ల ప్రాణమైతే మరీను.

కత్తెర లేచి ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లి, ఈ వార్త మొదటి పేజీలో వేద్దామా అని అడిగాడు. అతను నోరు తెరిచి అడగడమన్నది ఎవరూ ఎరగనిది కాబట్టి డెస్కంతా తలలెత్తి చూసింది. ఇన్‌ఛార్జి వయసులో చిన్నవాడు, మనిషి మంచివాడే.

“పడేది వార్త గానీ, పడనిది వార్తేంటి గురువుగారూ? లోపలి పేజీలో ఓ నాలుగు లైన్లు వేసెయ్యండి.”

“అప్పుడు మొదటి పేజీలో వేశాం కదండీ.”

“అప్పుడు పడేలా ఉంది కదా,” అని నవ్వాడు ఇన్‌ఛార్జి.

మా అక్క భయపడుతోందండీ అందామనుకున్నాడు. అంతమంది చూస్తున్నారు. తలూపి, మెట్ల మీదికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

“ఆ రాయి రాదట అక్కా, లెక్క తేలిపోయింది. మొదట్నుంచీ వాళ్లు భయం లేదనే అన్నారు. ఆ ముక్క మేం వెయ్యలేదు.”

‘నేను’ అనాల్సిన చోట ‘మేం’ అన్నానని అతనికి తెలుసు.

“పేపర్లో రానీరా, అప్పుడు నమ్ముతాను,” అంది అక్క, గొంతులో నవ్వుతో. తర్వాత భోజనం చేశావా అని అడిగి పెట్టేసింది.

మర్నాటి పేపర్లోకి వార్త ఎక్కింది. నాలుగు లైన్లే చోటు. కత్తెర ఈసారి వార్త తల తీసేశాడు, నడుము తీసేశాడు, శాస్త్రవేత్త చెప్పిన చివరి ముక్క మాత్రం ముట్టుకోలేదు. ఉద్యోగంలో చేరాక అలా కొయ్యడం అదే మొదలు. అచ్చుకు ముందు చూసుకునే పేజీ ప్రూఫ్ ఒకటి తీయించి, నలగకుండా చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. సంచి అడుగున ఫోను మోగుతున్నా బస్సు రొదలో వినబడలేదు. ఇవాళ నేనే కోశానని చెప్పెయ్యాలి, తిడితే తిడుతుంది అని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. అక్కను మంచం మీద పడుకోబెట్టారు. పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

“మధ్యాహ్నమంతా మెషిన్ చప్పుడు వినబడుతూనే ఉంది తమ్ముడూ. ఆగాక టీ పెట్టుకుంటోందేమో అనుకున్నా. ఎంతకీ అలికిడి లేదని వచ్చి చూస్తే, అలాగే వాలిపోయి ఉంది.”

గుండె జబ్బు మనిషి, చెబితే వినకుండా ఆపరేషన్ వద్దంది, నువ్వు మాత్రం ఏం చేస్తావు అని ఆవిడ ఓదార్చింది. వచ్చినవాళ్లంతా అదే మాట. అక్క కోసం తన బతుకంతా ధారపోశాడని కూడా అన్నారెవరో. కత్తెర సిగ్గుతో చచ్చిపోయాడు.

“నేనే కోసేశానండీ,” అన్నాడు.

దుఃఖంలో ఏదో అంటున్నాడనుకుని ఆవిడ భుజం నిమిరింది. అతను మెషిన్ వైపు తిరిగాడు. సొరుగు తెరిచి ఉంది. అక్క పేపరు కోసం ఆగలేదు. తమ్ముడి నోటి మాట ఒక్కటే సరిపోయింది, అది ఎప్పుడు చెప్పినా సరిపోయేది.

మెషిన్ మీద ఆసుపత్రి చొక్కా పరిచి ఉంది. ఒకవైపు నాడాలన్నీ కుట్టేసింది. రెండో వైపు మొదటి నాడా సగంలో ఉంది, సూది ఇంకా గుడ్డలోకి దిగే ఉంది.