హేమసుందర్ సెట్టింగులు

ఆఫీసుకు బయల్దేరే ముందు హేమసుందర్ ఇంట్లో కంప్యూటర్ తెరిచి, తన సెట్టింగుల ఫోల్డరు సరిగా ఉందో లేదో చూసుకుంటున్నాడు. నల్లటి తెర, పసుపు అక్షరాలు, ఒక్కోటి నిమ్మకాయంత. ఢిల్లీ చుట్టుపక్కలే గుర్గావ్, ఓఖ్లా, ఇప్పుడు నోయిడా. ఉద్యోగాలు మారాయిగాని ఫోల్డరు మారలేదు. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ఒక్క లైను కొట్టి దాన్ని దించుకుంటాడు. అంతే, తెర రంగూ అక్షరాల సైజూ మారిపోయి ఆ కంప్యూటర్ ఆయనదైపోతుంది.

"అంతంత అక్షరాలేంటండీ బాబూ! ఎదురు ఫ్లాటోళ్లు కూడా చదివేత్తారు," అంది భార్య లక్ష్మీకుమారి, టిఫిన్ డబ్బా బల్లమీద పెడుతూ.

"కళ్లకి హాయిగా ఉంటుందే."

హాయీ లేదు, పాడూ లేదు. ఆయనకు చూపు పోతోంది. ఇది అద్దాలతో బాగయ్యేది కాదని మయూర్ విహార్‌లో కళ్ల డాక్టరు చెప్పి రెండేళ్లయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో అసలే చెప్పలేదు. యాభై మూడేళ్ల వయసు, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. తెలిస్తే ఉంచుతారా? మెట్రోలో కూడా దిగాల్సిన స్టేషన్‌ను చెవులతోనే పట్టుకుంటాడు.

ఆ రోజు ఆఫీసులో అందరికీ కొత్త లాప్‌టాప్‌లు ఇచ్చారు. భద్రత కోసమట, బయటి ఫైళ్లేవీ వాటిలోకి ఎక్కవు. అక్షరాల సైజు కూడా మారదు. మార్చాలంటే ఎందుకో రాసి ఫారం ఇవ్వాలి. హేమసుందర్ ఫారం తీసుకుని, కలం మూత తీసి, మళ్లీ మూత పెట్టేశాడు. రాస్తే దొరికిపోతాడు మరి.

మధ్యాహ్నం మేనేజర్ తేజశ్రీ గబగబా వచ్చింది. హైదరాబాదు పిల్ల, ముప్ఫై ఏళ్లుంటాయి.

"సుందర్ గారూ, బుకింగ్ సర్వర్ ఒకటి హ్యాంగ్ అయింది. ఏ నంబరో చూసి రీస్టార్ట్ చెయ్యండి, జల్దీ!"

తెరమీద ఆయనకు చీమల బారు తప్ప ఏమీ కనిపించలేదు. రోజూ మొండికేసేది మూడో నంబరే. చదివినట్టు ముఖం ముందుకు వంచి, మూడోదాన్ని ఆపేశాడు. చెడింది ఏడోది. నిక్షేపంలా నడుస్తున్న మూడోది కాస్తా ఆగిపోయింది. బుకింగులన్నీ ఇరవై నిమిషాలు నిలిచిపోయాయి.

"అరే, ఎదురుగా సెవెన్ అని ఉంది కదండీ! చూడలేదా?"

"చూశానండీ. అలవాటుగా చేసేశాను."

తేజశ్రీ కోప్పడలేదు. "ఠీక్ హై, నేను చూస్తాను జరగండి," అని తనే కూర్చుని సరిచేసింది. కోప్పడినా బాగుండేది. హేమసుందర్ కుర్చీ వదిలి పక్కన నిలబడ్డాడు. ఈ రోజుకు పొరపాటనుకున్నారు, రేపు ఏమనుకుంటారు?

మర్నాడు ఆయన అందరికంటే ముందొచ్చి, లాప్‌టాప్, గుర్తింపు కార్డు సెక్యూరిటీకి అప్పగించి వెళ్లిపోయాడట. తేజశ్రీ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆమె బల్లమీద రాజీనామా ఉంది. ఇంట్లో టైపు చేసి, తప్పులు చూసుకుని, అక్షరాల సైజు మార్చకుండా అలాగే అచ్చు తీసినట్టున్నాడు. రెండే రెండు వాక్యాలు, ఐదు కాగితాలు. పైనున్న కాగితంలో మూడు మాటలే పట్టాయి. తలుపు దగ్గర నిలబడ్డ తేజశ్రీకి అవి అక్కడి నుంచే స్పష్టంగా కనిపించాయి.