సైదా ఎందుకు నవ్వాడు

మా ఆయన సైదా జీవితంలో ఒకే ఒక్కసారి సినిమాలో నటించాడు. దాని పుణ్యమా అని ఎనభై నాలుగు ఎండాకాలంలో మా ఊరు ఊరంతా ఆయన్ని హంతకుడని తేల్చేసింది.

అప్పటికి ముప్పై ఏళ్ళ కిందట వినుకొండ స్టేషన్లో ఎవరో రైల్లో హత్య మీద డిటెక్టివ్ సినిమా తీస్తూ, ప్లాట్‌ఫారం మీద టీ అమ్ముకునే ఈయన్ని రైలు పెట్టెలోకి ఎక్కించారట. లోపల కూర్చున్న జమీందారుకి టీ గ్లాసు ఇచ్చి, పక్కకు తిరిగి నవ్వమన్నారట. కథేమిటో వాళ్ళు చెప్పలేదు, ఈయన అడగలేదు. తర్వాత సినిమా కూడా చూడలేదు. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ నవ్వు గురించి వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

మా ఊళ్ళో డేరా సినిమా నడిపే ప్రేమదాసుని ఏడాదిపాటు పీడించి, చివరికి ఆ సినిమా తెప్పించాడు. మిరప కల్లాల్లోంచి లేచి, అలాగే తుమ్ముకుంటూ వచ్చి కూర్చున్నారు జనం. జమీందారు టీ తాగాడు, చచ్చాడు. టోపీ పెట్టుకున్న డిటెక్టివ్ రైలంతా వెతికి, "హంతకుడు ఈ రైల్లోనే ఉన్నాడు" అన్నాడు. అంతటితో తెర తెల్లబడింది. ఆఖరి రీలున్న డబ్బా బస్సు టాపు మీద బస్తాల మధ్య ఉండిపోయి ఒంగోలు వెళ్ళిపోయిందట.

మర్నాడు మా టీ కొట్టుకి ఒక్కడు రాలేదు. మాకు సెంటు పొలం లేదు, ఆ కొట్టే తిండి పెట్టాలి. రోజూ మొదటి టీ తాగే వెంకయ్యగారే పెద్దమనుషుల్ని డేరాలో కూర్చోబెట్టి, ఆ నవ్విన రీలు మూడుసార్లు వేయించారు.

"చూశారా, మూడోసారి ఇంకా ఎక్కువ నవ్వాడు" అన్నారు.

"నవ్వమన్నారండి" అన్నాడు మా ఆయన.

"నవ్వమంటే నవ్వేస్తావంట్రా, మనిషి చస్తుంటే?"

"అప్పటికింకా చావలేదండి."

"అంటే చస్తాడని నీకు తెలుసన్నమాట."

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళుగా ఈయన చేతి టీ తాగుతున్నారు కదండీ, ఒక్కసారైనా చచ్చారా?" అని అడిగాను. వెంకయ్యగారు దానికీ కేసుకీ సంబంధం లేదన్నారు.

ఆ వారం రోజులూ ఆయన కాచిన టీ తాగింది నేనొక్కదాన్నే. ఆయన కూడా మానేశాడు. "షాజాదీ, ఆ టీ నేను కాచింది కాదే. వాళ్ళిచ్చిన గ్లాసే ఇచ్చాను. అందులో ఏం కలిపారో" అనేవాడు. పొయ్యి దగ్గర ఒక్కడే కూర్చున్న ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఎనిమిదో రోజు రీలు దొరికింది. వేసి చూస్తే హంతకుడు జమీందారు ప్లీడరు. "పాపం, టీ వాడికి ఏమీ తెలియదు" అని డిటెక్టివ్ తన నోటితోనే అన్నాడు. ఆ ఒక్క మాట కోసం రీలు మళ్ళీ వేయించాను.

తెల్లారేసరికి కొట్టు ముందు జనం. వెంకయ్యగారు బెంచీ మీద కూర్చుని, "ఏరా సైదా, మనసులో పెట్టుకోకు. స్ట్రాంగుగా ఒకటివ్వు" అన్నారు. మా ఆయన గ్లాసు అందించాడు. గుండెల మీద బరువు దిగిపోయిందేమో, పక్కకు తిరిగి నవ్వాడు.

వెంకయ్యగారు గ్లాసు మెల్లగా బెంచీ మీద పెట్టేశారు.

నేను విసురుగా వెళ్ళి ఆ గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగా తాగేశాను. నిజం చెప్పొద్దూ, మొదటి గుక్క మింగే ముందు నేనూ ఒక్క క్షణం ఆగాను. ఆయన అది చూశాడు.